ఆదివారం తెనాలి వెళ్లినందుకు పన్నా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది విజయవాడ, పటమట. ఆటోనగర్‌లో ఆఫీసున్న ఒక పురుగుమందుల కంపెనీలో ఏరియా మేనేజర్‌ని. ఏడాది జీతం 9,60,000. కొత్త పన్ను విధానంలోనే ఉన్నాను. కంపెనీ నాకు డిజైర్ కారు ఇచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా గుంటూరు, సత్తెనపల్లి, నరసరావుపేట, పిడుగురాళ్ల డీలర్ల చుట్టూ తిరుగుతుంటాను. స్టీరింగ్ పట్టేదీ నేనే, పంక్చరైతే జాకీ ఎత్తేదీ నేనే. ఆదివారం మాత్రం పిల్లల్ని తీసుకుని మా అత్తగారి ఊరు తెనాలికో, మంగళగిరి గుడికో వెళ్తాం. ఆ పెట్రోలు ఒక్కోసారి నేనే పోయించుకుంటాను. మొన్న 2024-25 ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం) చేతికొచ్చింది. చూస్తే నా జీతానికి 32,400 రూపాయలు అదనంగా కలిపి ఉంది. ఇదేంటని అడిగితే ‘కారు పెర్క్ అండీ, అందరికీ అంతే’ అన్నారు హెచ్‌ఆర్ వాళ్లు. కారు నేనడిగానా? అది లేకపోతే వాళ్ల మందులు అమ్ముడుపోతాయా? మా ఎండీ గారి అబ్బాయి కంపెనీ పేరు మీదున్న ఫార్చ్యూనర్‌లో ఫ్రెండ్స్‌ని వేసుకుని సూర్యలంక బీచికి వెళ్తాడు. ఆయన పక్కన డ్రైవరు కూడా ఉంటాడు. ఆయనకెంత పడుతుందో పన్ను? మా ఆవిడైతే ‘ఆ కారు వాళ్ల మొహాన కొట్టండి, మనమే ఓ సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుందాం’ అంటోంది. ఇది న్యాయమేనా? కారు తిరిగిచ్చేయమంటారా?

– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: న్యాయం సంగతి తర్వాత. పెర్క్ అంటే జీతంతో పాటు కంపెనీ ఇచ్చే సౌకర్యం, దానికి విలువ కట్టి జీతంలో కలుపుతారు. ముందు ఆ 32,400ని పన్నెండుతో భాగించండి. నెలకు 2,700 వస్తుంది. ఇది ఒకే ముక్క కాదు, 1,800 ఒకటీ 900 ఒకటీ. కంపెనీ కారుని ఆఫీసు పనికీ సొంత పనికీ కలిపి వాడుకుంటూ, ఖర్చులన్నీ కంపెనీయే పెట్టుకుంటుంటే, ఇంజను 1.6 లీటర్లు దాటని కారుకి నెలకు 1,800 రూపాయల లాభం మీకు అందినట్టు లెక్కగట్టమన్నాయి 2024-25కి వర్తించిన 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనలు. నేనిక్కడ చెప్పే రేట్లన్నీ ఆ ఏడాదివే. మూడో నిబంధనలో ఉంటుంది ఈ పట్టిక. డ్రైవర్ని కూడా కంపెనీయే పెడితే దాని మీద ఇంకో 900 కలపాలి. మీ డిజైర్ ఇంజను 1,197 సీసీ, కాబట్టి 1,800 దగ్గర పేచీ లేదు. మరి ఆ 900 ఎవరి కోసం? స్టీరింగ్ పట్టేది నేనే అని మీరే రాశారు కదా. లేని డ్రైవరు పేరు మీద ఏడాదికి 10,800 రూపాయలు మీ ఆదాయంలో కలిపేశారు.

‘అందరికీ అంతే’ అన్నారంటే ఏం జరిగిందో ఊహించుకోగలను. పాతికేళ్లు అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో కూర్చున్నదాన్ని. కార్లున్న వాళ్ల పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీటులో ఉంటాయి. మొదటి పేరు డ్రైవరున్న పెద్దాయనది అయ్యుంటుంది. ఆయన పక్క గడిలో 2,700 కొట్టి, మౌస్‌తో కిందిదాకా లాగేసి ఉంటారు. కుట్ర ఏమీ ఉండదు, బద్ధకం అంతే. కానీ ఆ బద్ధకానికి పన్ను కట్టేది మీరు.

డబ్బు రూపంలో అదెంతో కూడా చూద్దాం. స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఇచ్చే తగ్గింపు) 75,000 పోగా, 2024-25 లెక్కలో మీ ఆదాయం పది శాతం శ్లాబులోనే ఉంటుంది. నాలుగు శాతం సెస్సు కలిపితే 32,400 మీద పన్ను 3,370 రూపాయలు. నెలకు 281. పటమటలో మీ నలుగురూ ఓ పూట టిఫిను చేస్తే అయిపోయే డబ్బు. డ్రైవరు ముక్క తీసేస్తే అది నెలకు 187కి దిగుతుంది. మీ ఉత్తరంలో ఉన్న కోపం మాత్రం 187 రూపాయల కోపం కాదు, అది నాకు అర్థమైంది. అందుకే మిగతాది రాస్తున్నాను.

కారు మీరు అడగలేదు, నిజమే. మా తాతగారి రోజుల్లో పాలేరుని కుదుర్చుకునేటప్పుడు ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, రెండు జతల బట్టలు, ఒక చెప్పుల జత అని మాట్లాడుకునేవారు. చేతికి రొక్కం ఇచ్చేది కొంచెమే. ‘ధాన్యం నేనడిగానా, అది జీతమెలా అవుతుంది’ అని ఏ పాలేరూ అనలేదు. ఇంట్లో అన్నం వండుకునేది దాంతోనే కాబట్టి. కంపెనీ మీకు నెలకు 2,000 రూపాయలు ఎక్కువ జీతమిచ్చి ‘ఆదివారానికి కారు మీరే చూసుకోండి’ అంటే ఆ 2,000 మీద పన్ను పడేది. డబ్బు ఇవ్వకుండా కారే ఇస్తే పన్ను పడకూడదంటే, రేపు ప్రతి కంపెనీ జీతం తగ్గించి సరుకులు ఇవ్వడం మొదలుపెడుతుంది. బియ్యం బస్తా, పిల్లల స్కూలు ఫీజు, ఇంటద్దె, అన్నీ కంపెనీ ఖాతాలోనే నడుస్తాయి.

అయితే అదే పాలేరుకి కామందు పార కూడా ఇచ్చేవాడు. దాన్ని ఎవరూ జీతంలో లెక్కేయలేదు. అది పనిముట్టు. మీ గోడు అంతా నిజానికి ఇక్కడే ఉంది: డిజైర్ మీకు ధాన్యమా, పారా? ఆరు రోజులు పారే. పిడుగురాళ్లలో మే నెల ఎండలో డీలరు షాపు ముందు ఆపిన కారులో స్టీరింగ్ చేత్తో ముట్టుకోలేని వేడిలో కూర్చోవడాన్ని విలాసమని ఎవరంటారు? ఏడో రోజు మాత్రం అదే కారు ధాన్యం అవుతుంది. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో అత్తగారికి పచ్చడి జాడీ.

చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. పూర్తిగా కంపెనీ పనికే వాడితే పెర్క్ విలువ సున్నా. పూర్తిగా సొంతానికే అయితే అసలు ఖర్చంతా మీ ఆదాయంలో కలుస్తుంది. రెండూ కలిసినప్పుడే ఈ 1,800 లెక్క. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి కంపెనీ బండి మీద రావడం పోవడం మన చట్టంలో సౌకర్యం కిందికి రాదు. ఆదాయపు పన్ను చట్టం పదిహేడో సెక్షన్‌లో ఆ మాట వివరణగా రాసే ఉంది. బ్రిటన్‌లో అయితే మామూలుగా ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లడం కూడా సొంత వాడకమే. కాబట్టి రోజూ పటమట నుంచి ఆటోనగర్ వెళ్లినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగింది ఆదివారం సంగతే.

ఇప్పుడు మీ ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయిని తలుచుకోండి. ఆమె జీతం కూడా మీ అంతే అనుకుందాం. కారు లేదు. ఆమె జీతం మొత్తానికి పన్ను కట్టి, మిగిలిన దాంట్లో స్కూటీ వాయిదా కట్టి, లీటరు 109 రూపాయల దరిదాపుల్లో (2024-25 ధర) పెట్రోలు పోయించుకుని ఆదివారం తన పుట్టింటికి వెళ్తుంది. మీరు నెలకు నాలుగు ఆదివారాలు, రెండు పెళ్లిళ్లు, ఒక ఆసుపత్రి పని కలిపి 400 కిలోమీటర్లు సొంతానికి తిరిగారనుకుందాం. లీటరుకి 18 కిలోమీటర్లు వేసుకున్నా పెట్రోలే 2,400 రూపాయలు దాటుతుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగ్, టైర్లు, కారు విలువ తరుగుదల ఇందులో లేవు. వీటన్నిటికీ కలిపి చట్టం మీకు వేసిన విలువ 1,800. అసలు లాభం కన్నా తక్కువ వేసి, దాని మీద పదో వంతు అడిగింది. ఆ అమ్మాయి మీ ఫారం 16 చూస్తే మీ మీద జాలిపడుతుందని నేననుకోను.

ఈ 1,800 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తే మీకు కొంచెం నవ్వు కూడా వస్తుంది. 2005 బడ్జెట్‌లో చిదంబరం గారు ఫ్రింజ్ బెనిఫిట్ టాక్స్ అని ఒకటి తెచ్చారు. ఉద్యోగిని వదిలేసి కంపెనీని పట్టుకున్నారు. కార్ల మీద పెట్టిన ఖర్చులో ఐదో వంతు ఉద్యోగులు అనుభవించినట్టే అని లెక్కగట్టి, దాని మీద 30 శాతం కంపెనీయే కట్టాలన్నారు. అప్పుడు నేను గుంటూరులో ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. మా సేల్స్ కుర్రాళ్లు నిజంగా పల్నాడంతా తిరిగేవాళ్లు. ఒక్కడూ ఆ జీపులో గుడికి కూడా వెళ్లిన పాపాన పోలేదు. అయినా ఐదో వంతు షికారు కిందే జమ. ఉద్యోగులకు హాయి, కంపెనీలకు గోల. 2009లో ప్రణబ్ ముఖర్జీ గారు దాన్ని ఎత్తేశారు. లెక్క మళ్లీ ఉద్యోగి ఫారం 16లోకి వచ్చింది. అంతకుముందు 1,200గా ఉన్నది 1,800 అయింది, డ్రైవరుకి 600 ఉన్నది 900 అయింది. అప్పట్లో పెట్రోలు లీటరు 50 రూపాయలకు అటూ ఇటూ. 2024-25కి రెట్టింపు. 1,800 మాత్రం 2024-25లో కూడా 1,800గానే ఉంది. అంటే ఏటా మీ మీద బరువు పెరగలేదు సరికదా, చప్పుడు లేకుండా తగ్గుతూ వచ్చింది.

ఇక ఎండీ గారి అబ్బాయి. మీ ఉత్తరంలో అసలైన న్యాయం ప్రశ్న ఇదే. మీరే దాన్ని ఈర్ష్య అనుకుని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను మాత్రం ఇక్కడే కూర్చుంటాను.

డీజిల్ ఫార్చ్యూనర్ ఇంజను 2,755 సీసీ. 1.6 లీటర్లు దాటిన ఏ కారుకైనా ఒకటే రేటు, నెలకు 2,400. డ్రైవరుకి 900. మొత్తం 3,300, ఏడాదికి 39,600. మీకు వేసింది 32,400. కారు ఖరీదులో నాలుగైదు రెట్ల తేడా, పెర్క్ లెక్కలో 7,200 తేడా! ఆ డ్రైవరుకి నెలకు పదిహేను వేలైనా ఇవ్వకుండా ఉండరు. చట్టం లెక్కలో ఆయన విలువ 900. లేని డ్రైవరుకి మీ మీద 900 పడింది, ఉన్న డ్రైవరుకి ఆయన మీదా అదే 900.

ఇదంతా ఆ కారు ‘కొంత ఆఫీసు పనికి, కొంత సొంతానికి’ అనుకుంటేనే. మీరు చెప్పినట్టు అది బీచికీ ఫ్రెండ్స్‌కే అంకితమైతే, దాన్ని పూర్తిగా సొంత వాడకం కింద లెక్కగట్టాలి. అప్పుడు 40 లక్షల కారుకి ఏటా పది శాతం అరుగుదల, అంటే 4 లక్షలు. డ్రైవరు జీతం 1,80,000. డీజిలు, సర్వీసు, ఇన్సూరెన్సు పైన. డీజిలు మాట పక్కన పెట్టినా 5,80,000 ఆదాయంలో కలవాలి. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి సెస్సుతో కలిపి దాని మీద పన్ను 1,80,000 దాటుతుంది. ‘కొంత ఆఫీసు పని’ అన్న ఒక్క మాట పెడితే అదే కారుకి పన్ను 12,355. ఒక్క మాట ధర ఏడాదికి దాదాపు లక్షా డెబ్భై వేలు. ఆ అబ్బాయి జీతం తీసుకోకపోయినా తప్పించుకునే దారి లేదు. కుటుంబ సభ్యుల వాడకం కూడా ఉద్యోగి వాడకమే అంటుంది నిబంధన, కాబట్టి అది తండ్రి ఖాతాలో పడాలి. ఒకే మనిషికి కంపెనీ రెండు కార్లు ఇస్తే, ఒక్కదానికే ఈ చవక లెక్క. రెండోది పూర్తి సొంతం కిందే పోవాలి. మీ కంపెనీ ఎలా చూపిస్తోందో నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలియనప్పుడు ఆయన ఎగ్గొట్టాడని అనకండి. సక్రమంగా 39,600 చూపించినా సరే, మీ డిజైర్ పక్కన పెట్టి చూస్తే అది అన్యాయంగానే ఉంటుంది. అది మనిషి తప్పు కాదు, కొలత తప్పు.

అందుకే మీతో ఒక దగ్గర ఏకీభవిస్తాను, ఒక దగ్గర ఏకీభవించను. ఆదివారం వాడకం మీద పన్ను వేయడం న్యాయమే. కానీ ఎన్ని కిలోమీటర్లు తిరిగావని అడక్కుండా, కారు ఖరీదెంతని అడక్కుండా, ఇంజను సీసీ ఒక్కటే చూసి గీత గీయడం న్యాయం కాదు. నెలకు ఒక్కసారి మంగళగిరి వెళ్లేవాడికీ 1,800, వారానికి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లేవాడికీ 1,800. చిన్న కారు ఉన్నవాడికి దాదాపు న్యాయంగా తగిలేది, పెద్ద కారు ఉన్నవాడికి చీమ కుట్టినంత కూడా ఉండదు. జర్మనీలో కొత్త కారు జాబితా ధరలో ఒక శాతాన్ని నెలనెలా ఆదాయంలో కలిపే పద్ధతి ఉంది. అలా వేస్తే 9 లక్షల మీ డిజైర్‌కి 9,000, ఆ ఫార్చ్యూనర్‌కి 40,000. చూశారా, అప్పుడు ఎండీ గారి అబ్బాయి మీద మీకు కోపం పోతుంది కానీ మీ పెర్క్ అయిదు రెట్లవుతుంది. ఏ న్యాయం కావాలో జాగ్రత్తగా కోరుకోవాలి.

కిలోమీటర్లు చూసి వేస్తే బాగుంటుంది కదా అంటారా? బ్రిటన్‌లో ఆ ప్రయోగం కూడా అయింది. కంపెనీ పని మీద ఏడాదికి 18,000 మైళ్లు దాటి తిరిగినవాళ్లకి పన్ను బాగా తగ్గేది. ఇంకేముంది, ఏడాది చివర్లో మైళ్లు తక్కువ పడ్డవాళ్లు అవసరం లేని టూర్లు వేసుకుని రోడ్లెక్కేవారు. పెట్రోలు తగలేసి పన్ను మిగుల్చుకోవడం అన్నమాట. 2002లో అది మానేసి, కారు ధరకి, అది వదిలే పొగకి ముడిపెట్టారు.

మన దగ్గరైతే అంత శ్రమ కూడా పడరు, ఇంట్లో కూర్చునే కిలోమీటర్లు రాసేస్తారు. కారు పూర్తిగా ఆఫీసు పనికే అని చూపించి పెర్క్ సున్నా చేయించుకోమని మీకు ఎవరో ఒకరు ఈపాటికే సలహా ఇచ్చి ఉంటారు. దానికి కంపెనీ ప్రతి ప్రయాణానికీ తేదీ, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు అని రాసిపెట్టాలి. ఆ ఖర్చు పూర్తిగా ఉద్యోగ విధుల కోసమేనని సర్టిఫికెట్ ఇవ్వాలి. నేను పనిచేసిన ఒకచోట మార్చి నెలాఖరున ఒక మేనేజరు గారు ఏడాది లాగ్ బుక్ మొత్తం ఒక్క రాత్రిలో రాశారు. ఒకటే నీలం పెన్ను, ఒకటే వాలు. పేజీకి నాలుగు చోట్ల ‘గుంటూరు మిర్చి యార్డు, రానుపోను 74’. పుస్తకం ఆడిటరు ముందుకొచ్చింది. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి మే నెల పేజీల దగ్గర ఆగారు. ‘మేనేజరు గారూ, వేసవి సెలవుల్లో యార్డు గేటు మూసేసి ఉంటుంది కదండీ, లోపలికెలా వెళ్లారు?’ అన్నారు. ఆ ఆడిటరు పుట్టి పెరిగింది గుంటూరులోనే. వాళ్ల నాన్నగారు యార్డులో కమీషన్ వ్యాపారి. మిర్చి యార్డుకి ఏటా ఎండాకాలంలో సెలవులిస్తారని ఆయనకి ఒకరు చెప్పాలా? ఆ పుస్తకం మళ్లీ బీరువాలోంచి బయటికి రాలేదు. ఆ ఏడాది మేనేజరు గారికి మామూలు లెక్కే పడింది.

మీ ఆదివారాలు మీవే కాబట్టి మీకు సున్నా రాదు, దాని జోలికి పోవద్దు. కానీ మీకు చట్టబద్ధంగానే తగ్గే దారి ఒకటుంది. సొంత వాడకానికయ్యే ఖర్చు పూర్తిగా ఉద్యోగే పెట్టుకుంటే, చిన్న కారుకి 1,800 బదులు 600 వేస్తే చాలు. ఏడాదికి 7,200. మీ 2024-25 శ్లాబులో దాని మీద పన్ను నెలకు 62 రూపాయలు. ‘పూర్తిగా’ అన్న మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ‘ఒక్కోసారి నేనే పోయించుకుంటాను’ అంటే కుదరదు. ఆదివారాల పెట్రోలంతా మీదే కావాలి, సర్వీసింగ్‌లో దానికి తగ్గ వాటా కూడా మీరే పెట్టుకోవాలి. నెలకు 2,400 పెట్రోలు సొంతంగా పోయించుకుని నెలకు 125 రూపాయల పన్ను తగ్గించుకోవడం లాభమా అని మీరు అడగకముందే చెప్తున్నాను, కాదు. కంపెనీ పెట్రోలు ఇస్తుంటే హాయిగా మామూలు రేటే వేయించుకోండి. ‘ఆదివారం పెట్రోలు ఇవ్వం’ అని మీ కంపెనీ రూలు పెట్టిన రోజున మాత్రం ఈ తక్కువ రేటు అడగడం మర్చిపోకండి.

ఇప్పుడు మీ ఆవిడ సలహా. ఆవిడ కోపంలో రోషం ఉంది, లెక్క లేదు. కారు తిరిగిచ్చేసి సెకండ్ హ్యాండ్ కారు కొన్నారనుకుందాం. వాయిదా, ఇన్సూరెన్సు మీవి. డీలర్ల చుట్టూ తిరగడం మానరు కదా, పెట్రోలు బిల్లులు కంపెనీకి పెడతారు. నెలకు 15,000 బిల్లు ఇచ్చారనుకోండి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఉద్యోగి సొంత కారుకి కంపెనీ ఖర్చులిస్తే, ఇచ్చిన దాంట్లోంచి 1,800 మాత్రమే తీసేసి మిగిలిందంతా పెర్క్ అంటుంది నిబంధన. నెలకు 13,200, ఏడాదికి 1,58,400. 2024-25 శ్లాబుల్లో అయితే దాని మీద మీకు పడే పన్ను పద్దెనిమిది వేలు దాటుతుంది. ఆఫీసు వాడకం అంతకన్నా ఎక్కువని చూపించుకోవచ్చు. కానీ దానికి మళ్లీ రోజువారీ లాగ్ బుక్, సర్టిఫికెట్ కావాలి. కంపెనీ కారులో ఏ పుస్తకమూ లేకుండా 21,600తో సరిపోయేది, సొంత కారులో పుస్తకం రాయకపోతే లక్షన్నర దాటుతుంది. బైకుల మీద తిరిగే మీ ఫీల్డ్ కుర్రాళ్ల సంగతీ ఇంతే. సొంత బండికి కంపెనీ ఇచ్చే పెట్రోలు డబ్బులో నెలకు 900 పోను మిగిలింది జీతంలో కలుస్తుంది, లాగ్ రాస్తే తప్ప. వాళ్లకి కనీసం ఆ పుస్తకం రాయమని చెప్పేవాళ్లు కూడా ఉండరు. వీలైతే మీరు చెప్పండి.

ప్రభుత్వ జీపుల్లో కూరగాయలకి వెళ్లే అధికారుల సంగతేమిటని మీరు అడగలేదు కానీ, ఈ ప్రశ్నకి ఎప్పుడూ వెనకే వచ్చే ప్రశ్న అది. ప్రభుత్వ ఉద్యోగి అయినంత మాత్రాన ఈ కారు లెక్క నుంచి మినహాయింపు లేదు. హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జిలకి ఇచ్చే వాహన సౌకర్యానికి మాత్రం వాళ్ల జీతాల చట్టాలే మినహాయింపు ఇచ్చాయి. మిగతా చోట్ల రైతుబజారుకి వెళ్లిన ట్రిప్పు లాగ్ బుక్‌లో ‘ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్’గా మారడం మనకి కొత్త కాదు.

కాబట్టి కారు ఉంచుకోండి. మీరు చేయాల్సిన పని చిన్నది, కానీ త్వరగా చేయాలి. ఫారం 16తో పాటు ఫారం 12బీఏ అని ఒక కాగితం ఇస్తారు. మీకు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. పెర్క్‌లన్నీ అందులో వరుసగా ఉంటాయి. కారు వరుసలో 32,400 అని ఉంటే అదే మీ సాక్ష్యం. హెచ్‌ఆర్‌కి నోటితో చెప్పకండి, మెయిల్ పెట్టండి. వాళ్లు చివరి త్రైమాసికం టీడీఎస్ (జీతంలోంచి కోసిన పన్ను) స్టేట్‌మెంట్ సవరించి, కొత్త ఫారం 16 ఇవ్వాలి. 21,600 అయితే మీ పన్ను 1,123 రూపాయలు తగ్గుతుంది. ఎక్కువ కోసింది రిటర్నులో రిఫండుగా వస్తుంది.  సవరించకపోతే మీరే తక్కువ చూపించి రిటర్ను వేయొచ్చు. కానీ కంపెనీ చూపించిన అంకెకీ మీ అంకెకీ పొంతన లేదని నోటీసు రావచ్చు, అప్పుడు ఈ మెయిలే మీకు ఆధారం. వెయ్యి రూపాయల కోసం ఆ టెన్షన్ పడాలా వద్దా అనేది మీ ఇష్టం. నేనైతే 2024-25ది వదిలేసినా, తర్వాతి ఏడాది షీటులో లేని డ్రైవరు లేకుండా చూసుకుంటాను.

ఇంకొకటి, ఖర్చులేని పని. శనివారం రాత్రి ఇంటికొచ్చాక మీటరు రీడింగ్ ఫోన్‌లో ఒక ఫోటో తీయండి, సోమవారం పొద్దున బయల్దేరేముందు ఇంకొకటి. రెండిటి మధ్య తేడానే మీ ధాన్యం. మిగతా వారమంతా పార. గుంటూరు వెళ్లినప్పుడల్లా కాజ టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ కోసిన వివరాలు తేదీ, టైముతో సహా దొరుకుతాయి, అవీ దాచుకోండి. ఏ రోజైనా ఎవరైనా అడిగితే, ఒక్క రాత్రిలో నీలం పెన్నుతో రాసే అవసరం మీకు రాదు.

మెయిల్ ఇలా రాస్తే చాలు: ‘2024-25 ఫారం 12బీఏలో నా కారు పెర్క్ 32,400గా ఉంది. నాకు కంపెనీ డ్రైవరు లేరు. కాబట్టి నెలకు 900 చొప్పున కలిపిన 10,800 తీసేసి, సవరించిన ఫారం 16 ఇవ్వగలరు.’ ఎండీ గారి అబ్బాయి పేరు మాత్రం అందులో ఎత్తకండి.